వెనక సీటు కింది స్ప్రింగు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యాభై ఏళ్ల పండుగలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ బడి జ్ఞాపకాలే చెబుతారు. పొద్దటి నుంచి మంచి మంచివి విన్నాం. నాకు మాత్రం నిర్వాహకులు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువు కదా, ఇంటికి పోయినాక పనికొచ్చే ముచ్చట ఒకటి చెప్పు, పావుగంట దాటొద్దు" అన్నారు. అందుకని కారు వెనక స్ప్రింగును ఇంటి ముందే ఎట్లా మార్చుకోవచ్చో చెబుతాను. నవ్వకండి. మనం చదువుకునే రోజుల్లో బడి ముందు సైకిళ్లు ఆగేవి. ఇవాళ మైదానమంతా కార్లే.

నేను చేసేది యంత్రాల పనే అయినా కార్ల పని కాదు. పంపుల పని. కానీ స్ప్రింగు ఎక్కడున్నా స్ప్రింగే.

ముందు ఒక సంగతి గమనించండి. కారు నడిపేవాడు ముందు కూర్చుంటాడు. వెనక స్ప్రింగు విరిగితే అతనికి చిన్న చప్పుడు తప్ప పెద్దగా ఏమీ తెలియదు. వెనక కూర్చునేది ఎవరు? అమ్మానాన్నలు, పిల్లలు. డిక్కీలో బియ్యం బస్తా, కందిపప్పు, మామిడికాయ తొక్కు జాడీ. చిట్యాల నుంచి హైదరాబాదుకు తిరిగిపోయే కారు ఎప్పుడూ వచ్చినప్పటికంటే బరువుగానే పోతుంది. ఈ బరువులో ఎక్కువ భాగం మోసేవి ఆ రెండు వెనక స్ప్రింగులు. వాటిని చూసేవాడు లేడు.

లేడు అని ఊరికే అనడం లేదు. మన దేశంలో సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ 15 ఏళ్లలో పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పొగ గొట్టంలో పరికరం పెట్టి చూస్తారు. కారు కిందికి వంగి చూడమని చట్టం ఎవరినీ అడగదు. ట్యాక్సీకి, బస్సుకు, లారీకి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది, మన కారుకు లేదు. బ్రిటన్‌లో ఉన్న మన పూర్వ విద్యార్థులను అడగండి. అక్కడ కారుకు మూడేళ్లు నిండితే ఏటా పరీక్ష చేయించాలి. స్ప్రింగు విరిగి కనిపిస్తే ఫెయిల్. ఇక్కడ ఆ పరీక్ష మనకు మనమే పెట్టుకోవాలి.

పోయిన దసరాకు మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఊళ్లో మా తమ్ముడు వాడే కారు ఒకటుంది. పన్నెండేళ్లది, చిన్న కారు. పండుగ రెండు రోజులుందనగా మా చెల్లె కొడుకు దాన్ని తీసుకుని రామన్నపేట పోయొచ్చి, "మామా, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక టక్కుమంటున్నది" అన్నాడు. కారును చదునైన చోట ఆపి, టేపుతో చక్రం మధ్య నుంచి పైన ఉన్న రేకు అంచు దాకా కొలిచాం. కుడివైపు 37 సెంటీమీటర్లు, ఎడమవైపు 34.5. ఖాళీ కారులో రెండువైపులా దాదాపు సమానంగా ఉండాల్సిన కొలత అది. టార్చి వేసి చూస్తే ఎడమ స్ప్రింగు కింది చుట్టు ముప్పావు వంతు విరిగి, కింద కూర్చునే గిన్నెలోనే పడి ఉంది.

మెకానిక్‌ను పిలిస్తే వచ్చి చూశాడు. "సార్, పండుగ పూట స్ప్రింగ్ ఎక్కడ దొరుకుతది? మధ్యల రబ్బర్ బఫర్ పెట్టి పంపిస్త, ఆరు నెలల దాక చూడక్కర లేదు" అన్నాడు. మంచివాడే, మన ఇబ్బంది చూసి అన్న మాట. కానీ రబ్బరు పెడితే కారు లేచి నిలబడుతుందే తప్ప విరిగిన మొన అక్కడే ఉంటుంది. నిండు బరువుతో, 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ స్ప్రింగు గిన్నెలోంచి జరిగితే, కొన్ని కార్లలో ఆ మొన టైరు లోపలి గోడకు తగిలి కోసేస్తుంది. మన ముందున్న రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. పాత 9వ నంబరు. అక్కడ వెనక టైరు ఒక్కసారిగా గాలి పోతే ఏమవుతుందో ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కర లేదు.

ఆ రోడ్డుకే ఒక మేలు కూడా ఉంది. దానికి అటు చివర విజయవాడ ఆటోనగర్, ఇటు చివర హయత్‌నగర్ దగ్గర హైదరాబాద్ ఆటోనగర్. మధ్యలో మనం. విరిగిన ముక్కను సంచిలో వేసుకుని బస్సెక్కి హైదరాబాద్ ఆటోనగర్ పోయాను. దుకాణాయన అడిగిన మొదటి ప్రశ్న "ఒక్కటా, జతనా?" అని. జతే తీసుకున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. రెండింటికీ కలిపి అయిన ఖర్చు ఇంటిల్లిపాదీ సిటీలో సినిమాకు పోయొచ్చినంత.

ఇక్కడ కాస్త సైన్సు మాట్లాడతాను. గురువులు క్షమించాలి, ఇది మీ క్లాసే. స్ప్రింగు త్రాసుకు బరువు కట్టి స్కేలుతో కొలవడం మనమందరం చదివినదే. ఎంత బరువుకు అంత సాగుతుంది. రాబర్ట్ హుక్ ఈ సూత్రాన్ని 1676లో అక్షరాలు కలగలిపి పొడుపుకథలా అచ్చేశాడు, ముందు కనిపెట్టిన పేరు తనకే ఉండాలని. రెండేళ్లకు, 1678లో విప్పి చెప్పాడు. మంచి ఉపాయమే.

పాఠంలో మనకు చెప్పనిది ఒకటుంది. చుట్టల స్ప్రింగును నొక్కినప్పుడు దాని తీగ వంగదు, మెలితిరుగుతుంది. తడిబట్టను పిండినప్పుడు ఎట్లా తిరుగుతుందో, ఆ ఉక్కు తీగ అట్లా తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. ప్రతి గుంతకూ, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఇదే పని. అందుకే దాని గట్టితనం తీగ మందాన్ని బట్టి చాలా వేగంగా మారుతుంది, మందం నాలుగో ఘాతంతో. ఒక లెక్క చూడండి. 10 మిల్లీమీటర్ల తీగ, 100 మిల్లీమీటర్ల చుట్టు, పనిచేసే చుట్లు 5 ఉంటే, సుమారు 2 కిలోల బరువుకు 1 మిల్లీమీటరు దిగుతుంది. అదే తీగ 11 మిల్లీమీటర్లయితే 46 శాతం గట్టిపడుతుంది. ఒక్క మిల్లీమీటరుకు! కాబట్టి దుకాణంలో "ఇది కూడా దాదాపు అదే సైజు సార్" అంటే ఒప్పుకోవద్దు. కారు మోడలు, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా చెప్పి, పార్టు నంబరు చూసి తీసుకోండి. నేను కాలిపర్ కూడా పట్టుకుపోయాను. దుకాణాయన నన్ను వింతగా చూశాడు, అది వేరే సంగతి.

ఇంకోటి. కారు కిందికి, స్టయిలుగా కనిపించాలని కొందరు కుర్రాళ్లు స్ప్రింగు చుట్టు కోయిస్తారు. 5 చుట్లలో ఒకటి తీసేస్తే స్ప్రింగు మెత్తబడదు, నాలుగోవంతు గట్టిపడుతుంది. పొట్టిది, గట్టిది అవుతుంది. వెనక కూర్చున్న నాయనమ్మ నడుముకు ఆ స్టయిలు తెలుస్తుంది.

సరే, అంత గట్టి ఉక్కు ఎందుకు విరిగింది? మనకు దగ్గర్లో సముద్రం లేదు. అమెరికాలో మంచు మీద చల్లినట్టు రోడ్ల మీద ఉప్పు చల్లరు. కానీ స్ప్రింగు కింద కూర్చునే గిన్నె ఉందే, అందులో వానాకాలం బురద చేరుతుంది. ఎండినాక ఇసుక మిగులుతుంది. స్ప్రింగు ఆడినప్పుడల్లా ఆ ఇసుక గీకి, పైన ఉన్న రంగుపొర పోతుంది. అక్కడ తుప్పు ఒక చిన్న గుంట చేస్తుంది. తీగ మెలితిరిగే బలం అంతా పైపొర మీదే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ గుంట దగ్గర పగులు మొదలవుతుంది. ఫ్యాక్టరీలో స్ప్రింగు పైపొరను చిన్న చిన్న ఉక్కు గుండ్లతో కొట్టి బిగిస్తారు, పగులు తెరుచుకోకుండా. తుప్పు ఆ బిగువున్న పొరనే తినేస్తుంది.

విరిగిన ముఖం చూస్తే కథంతా అందులోనే కనిపిస్తుంది. మా స్ప్రింగులో ఒక మూల అర్ధచంద్రాకారంలో నల్లగా, తుప్పు రంగులో ఉంది. మిగతాది వెండిలా మెరుస్తోంది. నల్లగా ఉన్నది పాత పగులు, నెలల తరబడి కొంచెం కొంచెం పెరిగినది. మెరిసేది చివరి రోజు ఒక్కసారిగా తెగినది. పగులు తీగకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉంది. మెలితిప్పితే విరిగే తీరు అది. సుద్దముక్కను రెండు చేతులతో మెలితిప్పి చూడండి, అట్లాగే విరుగుతుంది. ఈ ప్రయోగానికి పైసా ఖర్చు లేదు, పిల్లలకు రేపే చూపించవచ్చు.

ఇక పని. మా కారులో వెనక రెండు చక్రాలను కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం ఉంటుంది. స్ప్రింగు దాని మీద కూర్చుంటుంది, షాకబ్జార్బర్ విడిగా పక్కన ఉంటుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు. ఇట్లాంటి కారుకు మాత్రమే నేను చెప్పేది వర్తిస్తుంది. స్ప్రింగు, షాకబ్జార్బర్ ఒకదాని చుట్టూ ఒకటి ఉంటే ఇక్కడే ఆగిపోండి.

మొదటిది నేల. మా ఇంటి ముందు షాబాదు బండలు పరిచి ఉన్నాయి. చూడటానికి చదునుగా, గట్టిగా ఉంటాయి. కానీ కింద మట్టి దిగి బోలుగా ఉన్న బండ మీద జాకీ పెడితే బండ పగులుతుంది, నున్నటి బండ మీద జాకీ జారుతుంది. బండను కర్రతో కొట్టి చప్పుడు విని, గట్టిగా ఉన్న చోట మందపాటి చెక్క వేసి దాని మీద పెట్టాం. ఎర్ర చెలక నేలైతే వానపడిన మర్నాడు ఈ పని ముట్టుకోవద్దు.

రెండోది హ్యాండ్ బ్రేకు. చాలామంది హ్యాండ్ బ్రేకు లాగాం కదా అని ధీమాగా ఉంటారు. అది పట్టేది వెనక చక్రాలను. మనం లేపేదీ వెనక చక్రాలనే! గాలిలో ఉన్న చక్రాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే ఏం లాభం? ముందు చక్రాలకు అటూ ఇటూ గట్టి చెక్కలు అడ్డం పెట్టి, గేరు ఫస్టులో ఉంచాం. హ్యాండ్ బ్రేకు వదిలేశాం, దూలం దించినప్పుడు కేబుల్ లాక్కోకుండా.

మూడోది అన్నిటికంటే పెద్దది. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కారుతో వచ్చే జాకీ టైరు మార్చేందుకు ఇచ్చినది. దాని మీద నిలబడిన కారు కిందికి తల కాదు, చెయ్యి కూడా పెట్టొద్దు. ఇనుప స్టాండ్లు రెండు ఉండాలి, తలుపుల కింది అంచులో కంపెనీ గుర్తు పెట్టిన చోట వాటిని నిలపాలి. కారును చేత్తో గట్టిగా ఊపి చూడాలి. ఊడదీసిన చక్రాలను కూడా కారు కిందే పడుకోబెట్టాలి. స్టాండు జారినా చక్రం మీద ఆగుతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లకు బదులు వాడొద్దు. పైనుంచి ఒక్కచోట బరువు పడితే అవి చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు లేకపోతే పండుగకు బస్సులో పోదాం, ఏమీ కాదు.

చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. షాకబ్జార్బర్ కింది బోల్టులకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచాం. పొద్దున పానా వేస్తే కుడిది వెంటనే కదిలింది, ఎడమది అరగంట తీసుకుంది. పానాకు పొడుగు పైపు తొడిగాం. సుత్తి జోలికి పోలేదు.

దూలం కింద జాకీ పెట్టి బరువు ఆపుకున్నాకే ఆ బోల్టులు తీయాలి. ఎందుకంటే దూలం మరీ కిందికి జారకుండా పట్టి ఉంచేది షాకబ్జార్బరే. రెండువైపులా బోల్టులు తీశాక జాకీని మెల్లగా, వేలెడు వేలెడు చొప్పున దించాం. ఈ సమయంలో మా మేనల్లుడి పని ఒక్కటే, బ్రేకు గొట్టం మీద చూపు పెట్టడం. అది రబ్బరు గొట్టం. దానికి దూలం బరువు పడకూడదు. ఏబీఎస్ వైరును క్లిప్పులోంచి ముందే విడిపించాం. బ్రేకు పైపు ఏదీ విప్పలేదు, విప్పే అవసరమూ లేదు. దూలం దిగేకొద్దీ స్ప్రింగు వదులై, చివరికి చేత్తో ఊపితే ఊగింది. అప్పుడు బయటికి తీశాం. ఊగకముందే గునపం పెట్టి పెకిలిస్తే అందులో మిగిలి ఉన్న బలం మన ముఖం మీదికి వస్తుంది.

జత ఎందుకన్నానంటే ఇందుకు. విరగని కుడి స్ప్రింగును కడిగి చూస్తే సరిగ్గా అదే చోట, కింది చుట్టు మీద, తుప్పు గుంట ఉంది. రెండూ ఒకే రోడ్డు మీద, ఒకే బురదలో పన్నెండేళ్లు తిరిగాయి. పైగా ఒకవైపు కొత్తది, ఒకవైపు దిగిపోయినది ఉంటే కారు ఒక పక్కకు వాలుతుంది.

గిన్నెలో బురదంతా గీకి, నీళ్లు పోయే రంధ్రం ఉంటే దాన్ని తెరిచి, కొత్త రబ్బరు సీట్లు వేశాం. స్ప్రింగు చివర గిన్నెలో ఉన్న మెట్టుకు ఆనాలి. కొన్నింటికి పై వైపు, కింది వైపు వేరుగా ఉంటాయి, రంగు గుర్తు చూసుకోవాలి. తర్వాత దూలాన్ని జాకీతో లేపి బోల్టులు చేత్తో ఎక్కించాం. ఇక్కడ చాలా షెడ్లలో పట్టించుకోని విషయం ఒకటుంది. షాకబ్జార్బర్ కింది బోల్టును కారు గాలిలో ఉండగా బిగించొద్దు. లోపల రబ్బరు బుష్ ఉంటుంది. గాలిలో బిగిస్తే అది ఆ కోణంలోనే పట్టుకుపోయి, కారు దిగాక ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. చక్రాలు వేసి, కారు బరువు నేల మీద పడ్డాక పూర్తిగా బిగించాలి. ఎంత బిగువో మాన్యువల్‌లో అంకె ఉంటుంది. చక్రాల నట్లను ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి. పానా మీద ఎక్కి తొక్కడం బిగించడం కాదు, బోల్టును సాగదీయడం.

పొద్దున 8కి మొదలుపెడితే ఒంటిగంటకు అయిపోయింది. అలవాటున్న మెకానిక్‌కు గంటన్నర పని. మాకు మధ్యలో చాయ్‌లు, మా నాయిన సలహాలు కూడా ఉన్నాయి.

ముందు చక్రాల స్ప్రింగు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు, ఇంజనీరైనా సరే. అక్కడ స్ప్రింగు షాకబ్జార్బర్ చుట్టూ నొక్కిపెట్టి, పైన ఒకే నట్టుతో ఆగి ఉంటుంది. దాన్ని 15 సెంటీమీటర్లు నొక్కి ఉంచారనుకుంటే అందులో దాగిన శక్తి, 25 కిలోల బియ్యం సంచి దాదాపు మీటరు ఎత్తు నుంచి పడితే ఎంతో అంత. ఆ నట్టు విప్పేవాడి ముఖం సరిగ్గా దాని పైనే ఉంటుంది. దానికి సరైన ప్రెస్ ఉన్న షెడ్డుకే పోవాలి.

వెల్డింగ్ సంగతి కూడా అడుగుతారు. మన ఊళ్లలో కమ్మరులు పాత లారీ కమాను పట్టీలతో గొడ్డళ్లు, కొడవళ్లు చేస్తారు. ఆ ఉక్కు అంత మంచిది. కానీ కొలిమిలో కాల్చిన కొడవలికి మళ్లీ పానం పట్టకపోతే అంచు నిలవదని కమ్మరికి తెలుసు. స్ప్రింగుదీ అదే సంగతి. విరిగినచోట వెల్డింగ్ పెడితే ఆ వేడికి చుట్టుపక్కల ఉక్కు పానం పోతుంది. అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. కమానుల కాలం నుంచి వచ్చిన అలవాటు ఇది. అంబాసిడర్‌కు వెనక కమాను పట్టీలే ఉండేవి, పట్టీల్లో ఒకటి విరిగితే దాన్నొక్కదాన్నే మార్చి బండి నడిపించేవాళ్లు. మిగతావి మోసేవి. చుట్టల స్ప్రింగుకు అట్లా ఆదుకునే రెండో పట్టీ లేదు.

పని అయ్యాక కొలిస్తే రెండువైపులా 37.5. నార్కట్‌పల్లి దాకా మెల్లగా పోయి, దారిలో బ్రేకర్లన్నీ దాటి తిరిగొచ్చాం. టక్కు లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకున్నాం. పండుగ మర్నాడు అదే కారులో నలుగురం, డిక్కీ నిండా సామానుతో సిటీకి పోయాం.

కుడి స్ప్రింగును మా వాడకట్టు కమ్మరి ఉలులకు పనికొస్తుందని తీసుకున్నాడు. విరిగిన ఎడమది ఇక్కడ సంచిలో ఉంది. సైన్సు సార్ ఒప్పుకుంటే బడి ల్యాబుకు ఇచ్చిపోతాను, పిల్లలు ఆ నల్ల అర్ధచంద్రాన్ని కళ్లతో చూస్తారు. భోజనాలయ్యాక మైదానంలో చెట్టు కింద ఉంటాను. టేపు, టార్చి తెచ్చాను. ఎవరి కారు వెనక కొలత చూడాలన్నా పిలవండి, ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది.